చెప్పకముందే పసిగట్టేవాళ్లు: సున్నితత్వాన్ని ఆఫీసులో పనికొచ్చేలా మలచుకునే పద్ధతి

క్లయింటు పైకి "బాగుంది" అన్నాడు. కానీ ఆ మాట అనేముందు ఒక్క క్షణం ఆగాడు, చూపు మూడో పేజీ దగ్గర నిలిచింది. గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరే దాన్ని గమనించారు. గమనించి ఊరుకున్నారు. నెల తిరిగేసరికి ఆ మూడో పేజీలోని లెక్క మీదే పేచీ మొదలైంది. అప్పుడు "నాకు ఆ రోజే అనిపించింది" అంటే ఎవరికీ ఉపయోగం లేదు, పైగా వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది.

సున్నిత స్వభావం ఉన్నవాళ్ల బలాలు అనగానే సానుభూతి, సూక్ష్మదృష్టి, లోతైన ఆలోచన అని వరసగా చెప్పేస్తుంటారు. నిజమే, ఆ గుణాలు ఉంటాయి. కాకపోతే మీ లోపల జరిగే గమనింపు పక్క సీటువాళ్లకు కనబడదు. అది ఒక వాక్యంగానో, ఒక ప్రశ్నగానో, ఒక చెక్‌లిస్టుగానో బయటికి వచ్చినప్పుడే జట్టుకు అక్కరకొస్తుంది. అలా బయటికి తేవడం ఎలాగో, అందుకు కావలసిన శక్తి మధ్యాహ్నానికే ఆవిరైపోకుండా చూసుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు, ఇది మీ విషయమేనా?

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలైన్ ఆరన్, ఆర్థర్ ఆరన్ 1997లో ప్రచురించిన పరిశోధనతో ఈ స్వభావానికి ఒక కొలత వచ్చింది. 27 ప్రశ్నల పట్టిక అది. పెద్ద శబ్దాలు, ఘాటైన వాసనలు ఇబ్బంది పెడతాయా, ఎదుటివాళ్ల మూడ్ మీ మీద ప్రభావం చూపుతుందా, తక్కువ సమయంలో ఎక్కువ పనులు పడితే కంగారు పడతారా, ఎవరైనా చూస్తుండగా పని చేస్తే మామూలు కంటే తడబడతారా, కాఫీ మీకు ఎక్కువగా ఎక్కుతుందా, ఆకలేస్తే ఏకాగ్రత చెదిరిపోతుందా అన్న తరహాలో సాగుతుంది.

మొదట్లో జనాభాలో 15 నుంచి 20 శాతం ఇలా ఉంటారని అంచనా వేశారు. 2018లో వచ్చిన ఒక విశ్లేషణ జనాన్ని మూడు గుంపులుగా చూసింది: సున్నితత్వం ఎక్కువగా ఉన్నవాళ్లు సుమారు 31 శాతం, మధ్యస్థంగా ఉన్నవాళ్లు 40, తక్కువగా ఉన్నవాళ్లు 29. అంటే ఇది ఉందా లేదా అని తేల్చే గీత కాదు, ఎంత ఉంది అని చూసే మెట్లు. కవలల మీద జరిగిన పరిశోధన ప్రకారం మనుషుల మధ్య కనబడే ఈ తేడాల్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చినవే.

రెండు అపోహలు ముందే తీసేయాలి. ఒకటి, ఇది బిడియం కాదు. ఇలాంటివాళ్లలో సుమారు 30 శాతం నలుగురిలో హుషారుగా కలిసిపోయేవాళ్లేనని ఎలైన్ ఆరన్ అంచనా. పార్టీలో అందరికంటే ఎక్కువ మాట్లాడి, ఇంటికొచ్చాక రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేని మనిషి కూడా ఈ కోవలోనే ఉండొచ్చు. రెండోది, ఇది జబ్బు కాదు, ఏ వైద్య నిర్ధారణ పట్టికలోనూ లేదు. అయితే చిన్నప్పటి నుంచి లేని చిరాకు, శబ్దం పడకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం ఈ కొద్ది నెలల్లో మొదలైతే దాన్ని స్వభావం ఖాతాలో వేయకండి. నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్, మైగ్రేన్, థైరాయిడ్ సమస్య, పని భారంతో అలసిపోవడం, ఏదైనా కావచ్చు. డాక్టరుకు చూపించుకోవాలి.

ఈ స్వభావంలో పాయలు మూడు. ఇంద్రియాల పాయ: శబ్దం, వెలుతురు, వాసన త్వరగా తగులుతాయి. భారం పాయ: ఒకేసారి చాలా పనులు మీద పడితే తట్టుకోలేరు. మూడోది రసజ్ఞత పాయ: అందాన్ని, చిన్న చిన్న తేడాలను పట్టుకుంటారు. అందరిలోనూ మూడూ సమానంగా ఉండవు. మీకు ఏది ఎక్కువో తెలియకుండా కనబడ్డ సలహాలన్నీ పాటిస్తే సగం వృథా. శబ్దం ఏమాత్రం పట్టని మనిషి ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనుక్కుని, అసలు ఇబ్బంది ఒకదాని వెనక ఒకటిగా వచ్చే మీటింగులదని ఏడాది తర్వాత తెలుసుకోవడం అరుదేమీ కాదు.

రెండు వారాల లెక్క

పది పనిదినాల పాటు రోజుకు మూడుసార్లు, పని మొదలైన రెండు గంటలకు, భోజనం తర్వాత, బయల్దేరే ముందు, ఒక్కొక్క నిమిషం చొప్పున రాయండి. నాలుగు గడులు చాలు: ఇప్పటిదాకా చేసిన పని, చుట్టూ ఉన్న పరిస్థితి, అలసట సున్నా నుంచి పది వరకు, ఈ పూట నేను గమనించి మిగతావాళ్లు గమనించనిది.

నాలుగో గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. మీకు సహజంగా కనబడేది అందరికీ కనబడుతుందనే అనుకుంటారు కాబట్టి. "కొత్తగా చేరిన ఇద్దరూ ఆ ఫారం దగ్గరే ఆగిపోతున్నారు", "రెండు రిపోర్టుల్లో ఒకే అంకె వేరువేరుగా ఉంది", "సేల్స్, సపోర్ట్ జట్లు 'పూర్తయింది' అన్న మాటను రెండు అర్థాల్లో వాడుతున్నాయి" లాంటివి రాయాలి. ఎంత చిన్నదైనా సరే.

రెండు వారాలయ్యాక అలసట ఏడు దాటిన పూటలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వాటిలో ఉమ్మడిగా ఏముంది? మనుషులా, శబ్దమా, పని మధ్యలో తెగిపోవడమా, ఆలస్యమైన భోజనమా? తర్వాత నాలుగో గడిలో ఎక్కువ విషయాలు రాసిన పూటలు ఏవో చూడండి. చాలామందికి అవి అలసట నాలుగు కంటే తక్కువున్న పూటలే అవుతాయి. కారణం ఊహించదగినదే: మోయలేనంత భారం పడ్డాక సున్నితమైన మెదడు కూడా చిన్న తేడాలను వదిలేస్తుంది, ముందు ఈ పూట గట్టెక్కితే చాలనుకుంటుంది. మీ బలాన్ని మింగేసేది ఏదో ఈ లెక్కలో తేలుతుంది.

గమనించింది చెప్పడం

అసలు పని ఇక్కడే. "నాకెందుకో ఇది సరిగ్గా లేదనిపిస్తోంది" అన్న మాటతో మేనేజరు ఏమీ చేయలేడు. చెప్పదలచుకున్నదాన్ని మూడు ముక్కలు చేయండి: చూసింది, దాన్నిబట్టి అనుకుంటున్నది, ఇప్పుడు చేయమని కోరేది.

మొదటి ఉదాహరణే తీసుకుందాం. "మూడో పేజీ తీసినప్పుడు క్లయింటు ఆగారు, ఆ తర్వాత ప్రశ్నలు అడగడం మానేశారు. రెండో విడత చెల్లింపు లెక్క మీద అనుమానం ఉందేమో. ఈ రోజు పంపే మెయిల్లో ఆ లెక్కను ఒక ఉదాహరణతో విడమర్చి, ఏమైనా సందేహాలున్నాయా అని అడుగుదామా?" ఇందులో మొదటి వాక్యం ఎవరూ కాదనలేనిది. రెండోది మీ ఊహ, ఊహగానే చెప్పారు. మూడోది పావుగంట పని. మీ ఊహ తప్పినా జట్టుకు నష్టం పావుగంటే. అందుకే వినేవాళ్లు ఒప్పుకుంటారు.

చూసిందీ ఊహించిందీ కలిపేయడం సున్నిత మనస్కులు తరచుగా చేసే తప్పు. ఎదుటివాళ్ల ముఖం మారిందన్నది సాధారణంగా సరిగ్గానే పట్టుకుంటారు. ఎందుకు మారిందన్న దగ్గరే బోల్తా పడతారు, అందులోనూ "నా వల్లే" అన్న కారణం ఎప్పుడూ ముందు వరసలో ఉంటుంది. మేనేజరు ముభావంగా ఉన్నారంటే రాత్రి నిద్ర లేకపోవచ్చు, పైనుంచి అక్షింతలు పడి ఉండొచ్చు. కాబట్టి కారణం తట్టగానే ఇంకో రెండు కారణాలు బలవంతంగానైనా రాసుకోండి, వాటిలో కనీసం ఒకటి మీకు సంబంధం లేనిదై ఉండాలి. తేల్చుకోవాల్సినంత విషయమైతే సూటిగా అడగండి: "ఉదయం మీటింగులో మీరు తక్కువ మాట్లాడారు. నా భాగంలో మార్చాల్సింది ఏమైనా ఉందా?" జవాబు "లేదు" అని వస్తే అక్కడితో వదిలేయాలి. రెండోసారి అడగకూడదు.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా ముఖ్యమే. ఒక నిర్ణయం ఖాయమయ్యే ముందు చెబితే అది హెచ్చరిక, అయ్యాక చెబితే ఫిర్యాదు. కాబట్టి అదే రోజు, మరీ ఆలోచించుకోవాలంటే మర్నాడు మధ్యాహ్నంలోపు చెప్పేయాలి. మనుషులకు సంబంధించినది విడిగా, పనికి సంబంధించినది అందరిలో. మీ నమ్మకం ఎంతో కూడా చెప్పండి: "కచ్చితంగా తెలుసు", "బలంగా అనిపిస్తోంది", "చిన్న అనుమానం". ఈ మూడు మెట్లూ ఎప్పుడూ ఒకే అర్థంలో వాడితే కొన్నాళ్లకు జట్టు మీ మాటను తూచడం నేర్చుకుంటుంది.

దీనికి తోడుగా ఒక అంచనాల పుస్తకం పెట్టుకోండి. తేదీ, నేను పసిగట్టింది, ఏం జరుగుతుందనుకుంటున్నాను, ఎంత నమ్మకం, నెల తర్వాత ఏం జరిగింది. మూడు నెలల్లో ఏ విషయాల్లో మీరు సరిగ్గా పసిగడతారో, ఎక్కడ భయం మాట్లాడుతుందో విడిపోతుంది. కస్టమర్ల అసంతృప్తిని ముందే పట్టుకునేవాళ్లు తమ మీద తమ పైఅధికారికి ఉన్న అభిప్రాయాన్ని పూర్తిగా తప్పుగా అంచనా వేయడం మామూలే. అది తెలిస్తే మొదటిదాన్ని గట్టిగా చెప్పొచ్చు, రెండోదాన్ని నమ్మకుండా ఉండొచ్చు.

నెగెటివ్‌గా మాట్లాడతారన్న పేరు వస్తుందేమోనని భయపడేవాళ్లకు ఒక మంచి సాధనం ఉంది. గ్యారీ క్లైన్ అనే పరిశోధకుడు ప్రచారంలోకి తెచ్చిన ప్రీమార్టమ్. ప్రాజెక్టు మొదలయ్యే ముందు జట్టంతా కూర్చుని, "ఆరు నెలలు గడిచాయి, ఈ పని ఘోరంగా విఫలమైంది. ఎందుకు?" అని ఊహించుకుని ఎవరికి వారు ఐదు నిమిషాలు రాస్తారు. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో కారణం చదువుతారు. చివర్లో ఎక్కువ ప్రమాదమున్న మూడింటికి బాధ్యులను, తేదీని పెట్టుకుంటారు. అందరూ అపశకునమే పలకాల్సిన ఆట కాబట్టి పలికినవాళ్లకు చెడ్డపేరు రాదు. దీన్ని పెట్టమని ప్రతిపాదించేది మీరే అయితే ఇంకా మంచిది. ఒక జాగ్రత్త: పెద్ద హోదాలో ఉన్నవాళ్లు ముందు చదవకూడదు, చదివితే మిగతా కాగితాలన్నీ అదే పాట పాడతాయి.

నెమ్మదిగా, లోతుగా ఆలోచించడాన్ని వాడుకోవడం

వచ్చిన సమాచారాన్ని పాత అనుభవాలతో పోల్చి, పర్యవసానాలు రెండు మూడు మెట్ల దాకా చూసే అలవాటు సున్నిత స్వభావంలో భాగం. ఒప్పందాలు చదవడం, వేరొకరు రాసిన కోడ్ తప్పుల కోసం చూడటం, షిఫ్టు మారేటప్పుడు వివరాలు అప్పగించడం, కొత్తవాళ్లకు శిక్షణ పత్రాలు రాయడం, ధర లేదా నియమం మార్చేముందు ఎవరిమీద ఎలా పడుతుందో ఆలోచించడం లాంటి పనుల్లో ఇది బంగారం. ఇలాంటి పని ఎవరికి ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడు ముందుగా చెయ్యి ఎత్తండి.

చిక్కల్లా మీటింగులతోనే. అక్కడ ఎవరు ముందు మాట్లాడితే వాళ్లదే మాట. మీ మంచి ఆలోచన మెట్లు దిగుతుండగా వస్తుంది. దీనికి మూడు పనులు చేయొచ్చు. ఎజెండా ముందురోజే ఇమ్మని అడగడం, దొరికిన పది నిమిషాల్లో ఒక అభిప్రాయం, ఒక ప్రశ్న రాసుకెళ్లడం. మీటింగు మొదటి పావుగంటలోనే ఆ ప్రశ్న అడిగేయడం. ఆలస్యమయ్యేకొద్దీ నోరు విప్పడం కష్టమవుతుంది. అక్కడికక్కడ జవాబు కావాలని నిలదీస్తే, "ఇప్పటికైతే నా మొగ్గు రెండోదానివైపు. రేపు 11 గంటలలోపు కారణాలతో రాసి పంపిస్తాను" అనడం. ఇందులో సమయం చెప్పడమే కీలకం. "ఆలోచించి చెబుతాను" అని మాత్రమే అంటే నిర్ణయం తప్పించుకుంటున్నారని అనుకుంటారు. చెప్పిన సమయానికి పంపకపోతే ఈ వెసులుబాటు రెండోసారి దొరకదు.

లోతు అనేది అంతులేకుండా పోతే అదే గుదిబండ. మొదలుపెట్టకముందే ఎక్కడ ఆపాలో రాసుకోండి. వెనక్కి తీసుకోగలిగే నిర్ణయమా, తీసుకోలేనిదా అని ముందు అడగాలి. మెయిల్ మాటల ఎంపిక, స్లైడ్ రంగు, మీటింగు సమయం లాంటివి వెనక్కి తీసుకోగలిగేవి. వాటికి పది నిమిషాల గడువు పెట్టి టైమర్ మోగగానే పంపేయాలి. ఉద్యోగిని ఎంచుకోవడం, డేటా శాశ్వతంగా తొలగించడం, ఏడాది ఒప్పందం మీద సంతకం, ఇవి లోతుకు తగినవి. రెండో రకానికి దాచుకోవాల్సిన ఓపికను మొదటి రకం మీద ఖర్చు చేయడం వల్లే చాలామందికి "చాదస్తం" అన్న పేరు వస్తుంది. ఆ పేరులో కొంత నిజం ఉందని కూడా ఒప్పుకోవాలి.

సానుభూతి: ఎంతవరకు

కోపంగా ఉన్న కస్టమరును చల్లబరచడం, జట్టులో రాజుకుంటున్న గొడవను పొగ దశలోనే చూడటం, కొత్తగా వచ్చినవాళ్లు అడగడానికి మొహమాటపడుతున్నది అర్థం చేసుకోవడం సున్నిత మనస్కులకు తేలిక. కానీ ఎదుటివాళ్ల బాధను అర్థం చేసుకోవడం ఒక పని, దాన్ని మోయడం వేరే పని. మొదటిదానికే జీతం ఇస్తారు.

ఎవరైనా గోడు చెప్పుకోవడానికి వచ్చినప్పుడు మొదటి రెండు నిమిషాల్లోనే అడగండి: "నేను వినాలా, ఏదైనా దారి చెప్పాలా?" వినడమైతే విన్నదాన్ని ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి: "మీకు చెప్పకుండా తేదీ మార్చడం బాధించింది, అంతేనా?" ఇలా పేరు పెట్టగానే చాలామంది సగం తేలికపడతారు. దారి చూపడమైతే తర్వాతి అడుగు వాళ్ల చేతిలోనే ఉండేలా ముగించండి. "నేను మాట్లాడతాలే" అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేయాలి. ఎందుకంటే ఆ మాటతో సమస్య చేతులు మారుతుంది, ఇకపై వాళ్లు నిశ్చింతగా ఉంటారు, నిద్ర పట్టనిది మీకు.

కష్టమైన కాల్ లేదా మాటల తర్వాత వెంటనే ఇంకో పని తీయకండి. లేచి ఐదు నిమిషాలు నడవండి, నీళ్లు తాగండి, జరిగిందాన్ని రెండు వాక్యాల్లో రాసి పక్కన పెట్టండి. రాయకపోతే అది సాయంత్రం దాకా తలలో తిరుగుతుంది. వారంలో ఎన్నిసార్లు ఎవరెవరి గోడు విన్నారో కూడా లెక్కపెట్టండి. ఒకే మనిషి ఒకే విషయంతో మూడోసారి వస్తే, "దీన్ని మేనేజరుతో మాట్లాడితే బాగుంటుంది" అని చెప్పడం నిర్దయ కాదు. జట్టుకంతటికీ జీతంలేని కౌన్సెలర్‌గా మారినవాళ్లకు ప్రమోషన్ సమయంలో ఆ సేవ ఎవరికీ గుర్తుండదు.

భారం తగ్గించడం: శబ్దం, వెలుతురు, కాఫీ, క్యాలెండర్

ఆఫీసులో ఎక్కువగా ఏకాగ్రత చెడగొట్టేది శబ్దం ఎంత పెద్దదన్నది కాదు, అందులో అర్థమయ్యే మాటలున్నాయా అన్నది. పక్కవాళ్ల సంభాషణ మెల్లగా ఉన్నా మెదడు దాన్ని వినకుండా ఉండలేదు. నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌ఫోన్లు కొని నిరాశపడేది ఇందుకే. ఏసీ, ఫ్యాను, ఇంజిను లాంటి ఆగకుండా మోగే మంద్రశబ్దాలను అవి బాగా తగ్గిస్తాయి, మనుషుల మాటలను అంతగా తగ్గించలేవు. మాటలకు మందు హోరు: వాన శబ్దమో, పింక్ నాయిస్ అనే ఏకధాటి హోరో పెట్టి, పక్కవాళ్ల మాటల్లో పదాలు విడివిడిగా తెలియనంతవరకే వాల్యూమ్ పెంచండి. అంతకుమించి పెంచితే చెవులకు చేటు. ఇంకా చాలకపోతే లోపల ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు, పైన హెడ్‌ఫోన్లు. ఇయర్‌ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో పట్టుకోవాలి. పైపైన పెడితే ప్యాకెట్ మీద రాసిన దాంట్లో సగం శబ్దం కూడా ఆపదు.

సీటు ఎంచుకునే అవకాశముంటే వీపు గోడవైపు, నడకదారికీ ప్రింటరుకూ దూరంగా ఉండేది తీసుకోండి. వెనక మనుషులు తిరుగుతుంటే ఎవరో చూస్తున్నారన్న స్పృహ పోదు. పాతకాలపు చోక్ ఉన్న ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తాయి. మీ నెత్తిమీద అలాంటిది ఉంటే మార్చమని అడగడం చిన్న కోరికే. తెర మీద కిటికీ వెలుగు పడుతుంటే తెరను కిటికీకి పక్కవాటుగా తిప్పండి.

కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ముఖ్యమైన ప్రెజెంటేషన్‌కు అరగంట ముందు తాగే కాఫీ చురుకుదనం కంటే గుండెదడే ఎక్కువ ఇవ్వొచ్చు. ముందు కొంచెం ఏదైనా తినండి, కాఫీ తర్వాత తాగొచ్చు.

క్యాలెండర్లో మీటింగులను 60 నిమిషాలకు బదులు 50, 30కి బదులు 25 పెట్టండి. మిగిలిన ఐదు పది నిమిషాల్లో ఫోన్ చూడకూడదు. అది విశ్రాంతి కాదు, ఇంకో గది నిండా మనుషులు. లోతైన పనికి రోజులో మీకు తెలివి బాగా ఉండే వేళ 90 నిమిషాలు గడి కట్టి, ఆ సమయంలో మెసేజిల మోత ఆపండి. అదే సమయంలో అత్యవసరమైతే ఎలా పిలవాలో జట్టుకు చెప్పి ఉంచండి, లేకపోతే ఆ గడిని ఎవరూ గౌరవించరు.

ఎవరైనా చూస్తుండగా పని చేయాల్సి వస్తే తడబాటు ఎక్కువవుతుందని ముందే అనుకున్నాం. లైవ్ డెమో ఇవ్వాల్సి ఉంటే తప్పులు జరిగే అవకాశమున్న మెట్టును ముందే రికార్డు చేసి పెట్టుకోండి. స్క్రీన్ పంచుకుంటూ సమస్య పరిష్కరించమంటే, "పదిహేను నిమిషాలు నేనొక్కడిని/ఒక్కదాన్ని చూసి, దొరికింది మీకు చూపిస్తాను" అనడం తప్పేమీ కాదు.

విమర్శ విన్నప్పుడు

ఫీడ్‌బ్యాక్‌ను ముందు రాతలో, తర్వాత మాటలో ఇమ్మని కోరండి. చదివి తేరుకున్నాక మాట్లాడితే వినడానికి చోటుంటుంది. ఎదురుగా చెప్పినప్పుడు కాగితం మీద వాళ్ల మాటలు వాళ్లన్నట్టే రాసుకోండి. రాసే చెయ్యి సమాధానం చెప్పే నోటిని కాస్త ఆపుతుంది. ఒక్క ప్రశ్న అడగండి: "వచ్చేసారి దీన్ని ఎలా చేస్తే సరిపోతుంది?" మిగతా చర్చ మర్నాటికి. తర్వాత రాసుకున్న వాక్యాలను మూడు కుప్పలు చేయండి: సరైనది, అర్థం కానిది, ఒప్పుకోనిది. "నీకు శ్రద్ధ లేదు" అన్నట్టు తోచిన మాట కాగితం మీద చూస్తే "రెండో పట్టికలో తేదీ తప్పు" అని ఉండటం తరచుగా జరుగుతుంది.

కన్నీళ్లు వస్తే క్షమాపణల మీద క్షమాపణలు వద్దు. "రెండు నిమిషాలు తీసుకుని వస్తాను, మనం ఇక్కడి నుంచే కొనసాగిద్దాం" అని లేచి, నిజంగానే తిరిగి రండి. తిరిగి వచ్చి మాట పూర్తి చేసినవాళ్ల కన్నీళ్లను ఎదుటివాళ్లు పెద్దగా పట్టించుకోరు.

మేనేజరును ఎలా అడగాలి

"నేను చాలా సున్నితం కాబట్టి" అని మొదలుపెట్టకండి. మంచి మేనేజరైనా ఆ మాటలో "ఈ మనిషికి కష్టమైన పని ఇవ్వకూడదు" అని వినే ప్రమాదం ఉంది. వైద్య నిర్ధారణ కాదు గనుక దీన్ని చూపించి హక్కుగా సౌకర్యం అడిగే దారి కూడా సాధారణంగా ఉండదు. పని ఫలితం వైపు నుంచి, గడువుతో కూడిన ప్రయోగంగా అడగండి: "నెలాఖరు నివేదికలో తప్పులు తగ్గాలంటే నాకు ఎడతెగని రెండు గంటలు కావాలి. రెండు వారాలు మంగళ, గురువారాలు ఉదయం ఆ చిన్న గదిలో కూర్చుంటాను. తేడా లేకపోతే మానేద్దాం." ఒకసారికి ఒక్క కోరికే. ఐదు కోరికల జాబితా ఇస్తే ఐదూ పోతాయి.

ఓపెన్ ఆఫీసులో అందరూ కలిసి మాట్లాడుకుంటారు కదా అన్న వాదన ఎదురైతే ఒక సంగతి చెప్పొచ్చు. ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు కంపెనీలు గోడలు తీసేశాక ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం తగ్గాయి, మెయిళ్లూ మెసేజిలూ పెరిగాయి. గొడవకు దిగడానికి కాదు, నిశ్శబ్దం కోరేది మీరొక్కరే కాదని చూపించడానికి.

సమస్యను ముందే ఆపినవాళ్లకు ఇంకో చిక్కుంది: జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. మంట ఆర్పినవాళ్లను అందరూ చూస్తారు, నిప్పురవ్వను తొక్కినవాళ్లను ఎవరూ చూడరు. అందుకే నెలకొకసారి అంచనాల పుస్తకం నుంచి మూడు వాక్యాలు తీసి పెట్టుకోండి: ఫలానా తేదీన ఫలానాది గమనించి ఫలానావాళ్లకు చెప్పాను, దానివల్ల ఇది మారింది. ఏడాది సమీక్షలో వాటిలో బలమైన మూడింటిని వాడండి. చెప్పేటప్పుడు గొంతు తగ్గించి "పెద్ద విషయమేం కాదు గానీ" అనే ముందుమాట తీసేయండి.

చోటు మంచిది కాకపోతే

జే బెల్‌స్కీ, మైఖేల్ ప్లూయెస్ లాంటి పరిశోధకులు చెప్పేదేమిటంటే, సున్నిత స్వభావులకు చెడ్డ వాతావరణం ఎక్కువ హాని చేస్తుంది, మంచి వాతావరణం ఎక్కువ మేలు చేస్తుంది. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పాఠశాల బాలికలకు డిప్రెషన్ నివారణ శిక్షణ ఇస్తే, సున్నితత్వం ఎక్కువున్నవాళ్లలోనే ప్రయోజనం కనబడింది. ఆఫీసు విషయంలో దీన్నుంచి తీసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, శిక్షణ, మంచి మార్గదర్శి దొరికే అవకాశం వస్తే వదులుకోకండి. మరొకటి, ఉద్యోగం ఎంచుకునేటప్పుడు హోదా కంటే పైఅధికారి ఎవరన్నది మీకు ఎక్కువ ముఖ్యం. అరుపులు, అందరిలో అవమానించడం, పొద్దుటి మాట సాయంత్రానికి మారడం మామూలైన చోట పైన చెప్పినవేవీ పెద్దగా పనిచేయవు. అలాంటి చోట హెడ్‌ఫోన్లు మార్చడం కంటే రెజ్యూమె మార్చడం మేలు.

కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూలో సున్నితత్వం గురించి చెప్పనక్కర్లేదు, దాని ఫలితం చెప్పండి: ఎక్కడ ఏ లోపం ముందే పట్టుకున్నారో, ఏ గొడవ పెరగకుండా ఆపారో. మీరు అడగాల్సినవి కూడా ఉన్నాయి. "పోయిన ఆరు నెలల్లో ఎవరైనా పొరపాటు చేసినప్పుడు జట్టు ఏం చేసింది?" దీనికి జవాబు చెప్పేటప్పుడు వాళ్లు ఒక మనిషి గురించి మాట్లాడుతున్నారా, పద్ధతి గురించి మాట్లాడుతున్నారా అన్నది వినండి. "పనివేళలు దాటాక వచ్చిన మెసేజికి ఎప్పటిలోగా జవాబు ఆశిస్తారు?" "ఒక మామూలు బుధవారం నా క్యాలెండర్ ఎలా ఉంటుంది?" ఆఫర్ వచ్చాక, సంతకానికి ముందు, పనిచేయబోయే చోట పావుగంట కూర్చోనివ్వమని అడగండి. కుదరదంటే కనీసం మీ సీటు ఏ వరుసలో ఉంటుందో, ఆ వరుసలో ఎంతమంది రోజంతా ఫోన్ మీద పనిచేస్తారో కనుక్కోండి.